ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు ఆటగాళ్లను బేరీజు వేయడం ఎలా: విదేశీ లీగుల కుర్రాళ్లు, అమెరికన్ కాలేజీ కుర్రాళ్లు

అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. 2018 జూన్ 21న జరిగిన డ్రాఫ్ట్‌లో ఫీనిక్స్ సన్స్ మొదటి ఎంపికగా అరిజోనా విశ్వవిద్యాలయపు సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడగరి) డియాండ్రే ఏటన్‌ను, శాక్రమెంటో కింగ్స్ రెండో ఎంపికగా డ్యూక్ విశ్వవిద్యాలయపు ఫార్వర్డ్ మార్విన్ బాగ్లీని తీసుకున్నాయి. రియల్ మాడ్రిడ్ తరఫున యూరప్ క్లబ్బుల అత్యున్నత పోటీ అయిన యూరోలీగ్ టైటిల్ గెలిచి, ఆ లీగ్‌లోనే ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అనిపించుకున్న 19 ఏళ్ల స్లొవేనియా కుర్రాడు లూకా దోంచిచ్‌ను మూడో ఎంపికగా తీసుకున్న అట్లాంటా హాక్స్, అతని హక్కులను డాలస్‌కు ఇచ్చి, బదులుగా ఐదో ఎంపికగా వచ్చిన ఓక్లహోమా విశ్వవిద్యాలయపు గార్డ్ (బంతిని నడిపే ఆటగాడు) ట్రే యంగ్‌ను, మరుసటి ఏడాది మొదటి రౌండు ఎంపికను పుచ్చుకుంది. అప్పట్లో ఎవరికీ సమాచారం కొరత లేదు. అంతకు ముందు ఏడాది స్లొవేనియాను యూరోబాస్కెట్ (యూరప్ దేశాల పోటీ) విజేతగా నిలిపిన కోచ్ ఇగోర్ కొకోష్కోవ్ ఆ డ్రాఫ్ట్ నాటికి ఫీనిక్స్ కోచ్‌గానే ఉన్నాడు. కొరవడినది ఆ సమాచారాన్ని ఒకే తక్కెడలో పెట్టి తూచే పద్ధతి.

ఆ పద్ధతి ఎలా ఉండాలో దశలవారీగా చెప్పడమే ఈ మార్గదర్శి ఉద్దేశం. ఆటగాడు ఎవరి మీద ఆడాడు, ఏ నిబంధనల కింద ఆడాడు, జట్టులో అతనికి అప్పగించిన పని ఏమిటి అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాసుకున్న తర్వాతే అతని గణాంకాలను చూడాలి. పాస్‌పోర్టును చూసి "యూరప్ వాళ్లు మెత్తన", "కాలేజీ వాళ్లు పోటీకి అలవాటు పడినవారు" అనే వర్గీకరణతో మొదలుపెడితే తర్వాత చేసే లెక్కలన్నీ ఆ తీర్పును సమర్థించుకోవడానికే పనికొస్తాయి.

మొదటి దశ: అర్హత, వయసు

2006 డ్రాఫ్ట్ నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం డ్రాఫ్ట్ జరిగే క్యాలెండర్ సంవత్సరంలో ఆటగాడికి 19 ఏళ్లు నిండాలి. అమెరికన్ ఆటగాడైతే అతని హైస్కూల్ బ్యాచ్ బయటికి వచ్చి కనీసం ఒక ఏడాది గడిచి ఉండాలి. అంతర్జాతీయ ఆటగాడు 22 ఏళ్లు నిండే సంవత్సరంలో తనంతట తానే అర్హుడవుతాడు. అంతకంటే ముందు రావాలంటే పేరు నమోదు చేసుకోవాలి, డ్రాఫ్ట్‌కు 10 రోజుల ముందు వరకు వెనక్కి తీసుకోవచ్చు. కాలేజీ ఆటగాడు తన కాలేజీ అర్హతను నిలబెట్టుకోవాలంటే అంతకంటే ముందే, కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ గడువులోగా తప్పుకోవాలి. అందుకే మీ జాబితాలో ఒక్కొక్క పేరు పక్కన పుట్టిన తేదీ, వెనక్కి వెళ్లే అవకాశం ఉందా లేదా అన్నది ముందుగా రాసుకోండి. జూన్ మధ్య వరకు జాబితా మారుతూనే ఉంటుంది.

వయసును సంవత్సరాలలో కాకుండా నెలల్లో లెక్కించడం మంచిది. 2025లో మొదటి ఎంపికగా డాలస్‌కు వెళ్లిన డ్యూక్ ఆటగాడు కూపర్ ఫ్లాగ్ 2006 డిసెంబర్ 21న పుట్టాడు. డ్రాఫ్ట్ రాత్రికి అతనికి ఇంకా 18 ఏళ్లే. అదే కాలేజీ లీగుల్లో కోవిడ్ కారణంగా ఇచ్చిన అదనపు ఏడాదిని వాడుకున్న 23, 24 ఏళ్ల ఆటగాళ్లు కూడా ఇటీవలి సంవత్సరాల్లో కనిపించారు. ఇద్దరూ సగటున 19 పాయింట్లు చేస్తే, ఆ రెండు 19లూ ఒకటి కావు. విదేశీ కుర్రాళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. 18 ఏళ్ల కుర్రాడు తన తోటివారి మీద అండర్-18 టోర్నీలో చెలరేగిన మ్యాచ్‌ను, అదే నెలలో పెద్దల లీగ్‌లో బెంచి మీద నుంచి వచ్చి పది నిమిషాలు ఆడిన మ్యాచ్‌ను కలిపి సగటు తీయకూడదు. రెంటినీ వేరువేరు పుటలలో ఉంచాలి.

రెండో దశ: ఎదురుగా ఉన్నది ఎవరు

విదేశీ లీగ్ అనే మాటకు దానంతట దానికి అర్థం లేదు. యూరోలీగ్ ఎన్‌బీఏ తర్వాత ప్రపంచంలో బలమైన క్లబ్ పోటీ అన్నది దాదాపు అందరూ ఒప్పుకునే మాట. దేశీయ లీగుల్లో స్పెయిన్ ఏసీబీది చాలాకాలంగా అగ్రస్థానం. టర్కీ, ఫ్రాన్స్, ఇటలీ, జర్మనీ లీగులు, పాత యుగొస్లావియా దేశాల ప్రధాన క్లబ్బులు కలిసి ఆడే ఏబీఏ లీగ్, ఆస్ట్రేలియా ఎన్‌బీఎల్ ఆ తర్వాతి శ్రేణిలో వస్తాయి. వాటి కింద ఒక్కో దేశపు రెండో డివిజన్ ఉంటుంది. డర్క్ నొవిట్స్కీ వుర్జ్‌బర్గ్ క్లబ్‌లో జర్మనీ రెండో డివిజన్ ఆటగాడిగా పేరు తెచ్చుకుని 1998లో తొమ్మిదో ఎంపిక అయ్యాడు. యానిస్ ఆంటెటోకౌంపో గ్రీసు రెండో డివిజన్‌లో ఫిలథ్లిటికోస్ క్లబ్‌కు ఆడి 2013లో 15వ ఎంపికగా మిల్వాకీకి వెళ్లాడు. వీళ్ల గణాంకాలను దోంచిచ్ యూరోలీగ్ గణాంకాల పక్కన పెట్టడం ఎంత తప్పో, కింది స్థాయిలో ఆడారు కాబట్టి పనికిరారు అనుకోవడం అంత తప్పు. కింది స్థాయి నుంచి వచ్చేవాడి విషయంలో మన అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో ఆ వెడల్పు పెరుగుతుంది, అంతే.

కాలేజీ వైపు కూడా ఇలాంటి పటమే గీసుకోవాలి. ఎస్‌ఈసీ, బిగ్ టెన్, బిగ్ 12, ఏసీసీ, బిగ్ ఈస్ట్ కాన్ఫరెన్సులలో (కాలేజీ జట్లు గుంపులుగా ఆడే లీగులలో) వారానికి రెండుసార్లు తన ఎత్తుకు సరిపోయే ప్రత్యర్థులు ఎదురవుతారు. చిన్న కాన్ఫరెన్సులలో అలా ఉండదు. అయినా స్టీఫెన్ కరీ డేవిడ్‌సన్ నుంచి 2009లో ఏడో ఎంపికగా, డేమియన్ లిలార్డ్ వీబర్ స్టేట్ నుంచి 2012లో ఆరో ఎంపికగా వచ్చారు. చిన్న కాన్ఫరెన్స్ ఆటగాడిని చూసేటప్పుడు నవంబర్, డిసెంబర్ నెలల్లో పెద్ద జట్ల మీద ఆడిన నాలుగైదు మ్యాచ్‌లను విడిగా తీసి చదవండి. అక్కడ అతని షాట్ల సంఖ్య తగ్గిందా, షాట్ల నాణ్యత తగ్గిందా, లేక రెండూ నిలబడ్డాయా అన్నది సీజన్ సగటు కంటే ఎక్కువ చెబుతుంది.

ఈ రెండు పటాల్లోనూ చోటు దొరకని మూడో రకం ఒకటుంది. పంజాబ్‌లోని బల్లో కే గ్రామం నుంచి వెళ్లిన సత్‌నామ్ సింగ్‌ను డాలస్ 2015లో 52వ ఎంపికగా తీసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు అతనే. ఏడడుగులకు పైబడిన ఎత్తు, బలమైన దేహం ఉన్నా అతను కాలేజీలో ఆడలేదు, ఏ వృత్తి లీగ్‌లోనూ ఆడలేదు; ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీ నుంచి నేరుగా డ్రాఫ్ట్‌లో అడుగుపెట్టాడు. సమాన స్థాయి ప్రత్యర్థుల మీద చూపిన సాక్ష్యం లేనప్పుడు మిగిలేది శరీర కొలతలే. ఎన్‌బీఏ సీజన్‌లో అతనికి ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. రెండో రౌండు చివర్లో అలాంటి పందెం వేయడంలో తప్పు లేదు. అది పందెమేనని కాగితం మీద రాసుకోవాలి.

మూడో దశ: నిబంధనల తేడాలను అంకెల్లోకి మార్చడం

నా అభిప్రాయంలో చాలామంది తొందరపడి దాటేసే దశ ఇదే.

కాలవ్యవధితో మొదలుపెడదాం. ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు, ఫిబా (విదేశీ లీగులు పాటించే నిబంధనలు రాసే అంతర్జాతీయ సమాఖ్య) మ్యాచ్ 40 నిమిషాలు, పురుషుల కాలేజీ మ్యాచ్ 20 నిమిషాల చొప్పున రెండు అర్ధభాగాలు. షాట్ క్లాక్, అంటే షాట్ వేయడానికి జట్టుకు ఉండే గడువు, ఎన్‌బీఏలోనూ ఫిబాలోనూ 24 సెకన్లు. కాలేజీలో 2015-16 సీజన్ నుంచి 30 సెకన్లు, అంతకు ముందు 35. కాలేజీ మ్యాచ్‌లో ఒక జట్టుకు 40 నిమిషాల్లో సుమారు 70 పొసెషన్లు (బంతితో దాడి చేసే వంతులు) వస్తే, ఎన్‌బీఏలో 48 నిమిషాల్లో సుమారు 100 వస్తాయి. 40 నిమిషాలకు కుదిస్తే అది 83 దాకా ఉంటుంది. కాబట్టి మ్యాచ్ సగటుల కంటే 100 పొసెషన్లకు ఎన్ని అన్న లెక్క నమ్మదగినది. ఫౌల్స్ విషయంలో మాత్రం ఒక సౌకర్యం ఉంది. ఆటగాడిని బయటికి పంపే హద్దు 40 నిమిషాలకు 5 ఫౌల్స్, 48 నిమిషాలకు 6 ఫౌల్స్, అంటే రెండు చోట్లా ఎనిమిది నిమిషాలకు ఒకటి. మాటిమాటికీ ఫౌల్ ట్రబుల్‌లో పడే సెంటర్‌కు ఎన్‌బీఏలో అదనపు వెసులుబాటు ఏమీ దొరకదన్నమాట.

త్రీ-పాయింట్ గీత ఫిబాలో మధ్యభాగాన 6.75 మీటర్లు. కాలేజీ పురుషుల ఆట 2019-20లో అదే దూరాన్ని తీసుకుంది. ఎన్‌బీఏలో మధ్యన 7.24 మీటర్లు. అంటే 49 సెంటీమీటర్ల తేడా. కానీ మూలల్లో ఫిబాలో 6.60, ఎన్‌బీఏలో 6.70, తేడా 10 సెంటీమీటర్లే. దీన్ని బట్టి మూల నుంచి ఎక్కువగా వేసే విదేశీ వింగ్ ఆటగాడి శాతం ఎన్‌బీఏకు దాదాపు యథాతథంగా బదిలీ అవుతుందని ఆశించవచ్చు. డ్రిబుల్ చేసుకుంటూ మధ్యభాగం నుంచి వేసే గార్డ్ విషయంలో అలా కాదు. అతని పాదాలు గీతకు ఎంత వెనక ఉన్నాయో వీడియోలో చూడాలి. గీతకు ఆనుకుని వేసేవాడు, రెండడుగుల వెనక నుంచి వేసేవాడు ఒకే 36 శాతం సాధించినా, ఎన్‌బీఏ గీత దగ్గర మొదటివాడు దూరం పెంచుకోవాలి, రెండోవాడికి ఆ అవసరం ఉండదు.

ఇక రింగు కింది ప్రాంతం. ఎన్‌బీఏలో డిఫెండర్ ఎవరినీ కాపలా కాయకుండా పెయింట్‌లో (రింగు ముందు గీసిన దీర్ఘచతురస్రంలో) మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. ఫిబాలోనూ కాలేజీలోనూ ఆ నిషేధం లేదు. అందువల్ల యూరప్‌లో గానీ కాలేజీలో గానీ రింగు వైపు దూసుకుపోయే గార్డ్‌కు లోపల ఒక పొడగరి ముందే కాచుకుని ఉంటాడు. ఆ ఇరుకులో దారి చేసుకోగలిగినవాడికి ఎన్‌బీఏ మైదానం విశాలంగా కనిపిస్తుంది. యూరప్ కంటే ఎన్‌బీఏలో పాయింట్లు చేయడం తేలికని దోంచిచ్ తన తొలి సంవత్సరాల్లోనే బహిరంగంగా అన్నాడు. ఇదే నిబంధన సెంటర్ల విషయంలో తిరగబడుతుంది. పెయింట్‌లో పాతుకుపోయి బ్లాకులు కూడబెట్టిన సెంటర్‌ను ఎన్‌బీఏ కదలమంటుంది. పైగా ఫిబాలో బంతి ఒకసారి రింగును తాకాక అది రింగు మీదే ఆడుతున్నా దాన్ని తట్టేయవచ్చు, లోపలికి నెట్టేయవచ్చు. ఎన్‌బీఏలోనూ కాలేజీలోనూ అది ఉల్లంఘన. విదేశీ సెంటర్ టిప్-ఇన్‌లు, బ్లాకులు ఎన్ని ఆ వెసులుబాటుతో వచ్చాయో వీడియోలో విడదీయక తప్పదు.

కాలేజీ వైపు నుంచి మోసపుచ్చే కొలత పెయింట్ వెడల్పు. ఎన్‌బీఏలో అది 4.88 మీటర్లు, ఫిబాలో 4.9, కాలేజీలో 3.66 మాత్రమే. కాలేజీ సెంటర్ పోస్టులో, అంటే రింగుకు వీపు పెట్టి నిలబడి, బంతి అందుకునే చోటు ఒక్కో పక్కన సుమారు 60 సెంటీమీటర్లు రింగుకు దగ్గర. వీపుతో నెట్టుకుంటూ వెళ్లి ఒక్క అడుగులో ముగించే ఆటగాడికి ఎన్‌బీఏలో ఇంకో డ్రిబుల్ కావాలి, ఆ డ్రిబుల్ మీదికే రెండో డిఫెండర్ వస్తాడు. ఇంత తేడా ఉన్నప్పుడు కాలేజీ పోస్ట్ స్కోరింగ్‌ను ముఖవిలువకు తీసుకోవడం నాకు సరికాదనిపిస్తుంది.

నాలుగో దశ: జట్టులో అప్పగించిన పని

కాలేజీ జట్టు తన మేటి ఆటగాడి చుట్టూ తిరుగుతుంది. వచ్చే ఏడాది అతను ఉండడని తెలిసినా కోచ్ బంతిని అతని చేతికే ఇస్తాడు. యూరప్ క్లబ్ కోచ్‌కు వచ్చే ఆదివారం మ్యాచ్ గెలవడం, కింది డివిజన్‌కు పడిపోకుండా చూసుకోవడం ముఖ్యం. 18 ఏళ్ల కుర్రాడి ఎదుగుదల తర్వాతి మాట. అందుకే మొదటి చోట అంకెలు ఉబ్బుతాయి, రెండో చోట కుంచించుకుపోతాయి.

2018 ఉదాహరణనే దగ్గరగా చూద్దాం. ట్రే యంగ్ ఓక్లహోమాకు 32 మ్యాచ్‌లలో సగటున 35 నిమిషాలకు పైగా ఆడి 27.4 పాయింట్లు, 8.7 అసిస్టులు (స్కోరుకు దారితీసిన పాసులు) చేశాడు. రెండింటిలోనూ దేశంలో అతనే ప్రథముడు. దోంచిచ్ యూరోలీగ్‌లో సుమారు 26 నిమిషాల్లో 16 పాయింట్లు, నాలుగు పైచిలుకు అసిస్టులు చేశాడు. చూడగానే తేడా 11 పాయింట్లు. 40 నిమిషాలకు లెక్కిస్తే యంగ్‌వి సుమారు 31, దోంచిచ్‌వి 24.6, తేడా ఆరున్నరకు తగ్గింది. ఓక్లహోమా ఆ ఏడాది చాలా వేగంగా ఆడిన జట్టు కాబట్టి పొసెషన్ల లెక్కలో ఇంకా తగ్గుతుంది. మిగిలిన తేడాకు ఎదురుగా, ఒకరు కాలేజీ గార్డుల మీద, ఇంకొకరు పాతికేళ్లు దాటిన యూరోలీగ్ వృత్తి ఆటగాళ్ల మీద ఆడారన్న వాస్తవాన్ని పెట్టండి. దోంచిచ్ ఆ సీజన్‌లో స్పెయిన్ లీగ్‌తో కలిపి 70 దాకా మ్యాచ్‌లు ఆడాడు. సెర్జియో లూల్ 2017 ఆగస్టులో మోకాలి గాయంతో దూరమవడంతో రియల్ మాడ్రిడ్ కోచ్ పాబ్లో లాసో ఆట నడిపే బాధ్యతలో పెద్ద భాగాన్ని దోంచిచ్ మీద పెట్టాడు. గొప్ప క్లబ్ గెలుపు కోసం ఒక కుర్రాడి మీద ఆధారపడిందంటే, ఆ ఆధారపడటమే ఒక గణాంకం.

యంగ్ కూడా తర్వాత ఆల్-స్టార్ అయ్యాడు కాబట్టి దీన్ని "యూరప్ గెలిచింది, కాలేజీ ఓడింది" అని చదవకూడదు. యంగ్ పాసింగ్ నిజమైనదే. కానీ మ్యాచ్‌కు 5.2 టర్నోవర్లు (బంతిని ప్రత్యర్థికి పోగొట్టుకోవడాలు), బంతి ఎప్పుడూ తన చేతిలోనే ఉండాలన్న అలవాటు, డిఫెన్స్‌లో శరీరం సరిపోకపోవడం కూడా ఆ సీజన్‌లోనే కళ్లకు కట్టాయి.

కాలేజీలో అంకెలు కుంచించుకుపోయే సందర్భాలూ ఉన్నాయి, వాటిని పట్టుకున్నవారికే లాభం. డెవిన్ బుకర్ 2014-15లో 38 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటే ఓడిన కెంటకీ జట్టులో బెంచి నుంచి వచ్చి సగటున 10 పాయింట్లు చేశాడు. ఫీనిక్స్ 13వ ఎంపికగా తీసుకుంది. కెంటకీలాంటి కిక్కిరిసిన జట్టులో రెండో వరుస ఆటగాడు చాలావరకు యూరప్ క్లబ్ కుర్రాడిలాంటివాడే.

దీనికి మరో పక్క ప్రమాదం ఉంది. నిమిషాలు తక్కువైనంత మాత్రాన ప్రతిభ దాగి ఉందని అర్థం కాదు. లాత్వియా ఆటగాడు క్రిస్టాప్స్ పోర్జింగిస్ స్పెయిన్ ఏసీబీలో సెవియా క్లబ్‌కు క్రమం తప్పకుండా ఆడి 2015లో నాలుగో ఎంపిక అయ్యాడు. మరుసటి ఏడాది ఏడడుగుల ఎత్తు, బయటి నుంచి షూటింగ్, యూరప్ చిరునామా అన్న పోలికలతో క్రొయేషియా ఆటగాడు డ్రాగన్ బెండర్‌ను ఫీనిక్స్ నాలుగో ఎంపికగానే తీసుకుంది. బెండర్ మకాబీ టెల్ అవీవ్‌లో ఆడింది తక్కువ నిమిషాలే. మూడు సీజన్ల తర్వాత ఫీనిక్స్ అతన్ని వదులుకుంది. ఒకరు పెద్దల లీగ్‌లో చేసి చూపించాడు, ఇంకొకరు చేయగలడేమో అనిపించాడు. ఆ రెంటినీ ఒకే అరలో పెట్టినందువల్లే చిక్కు వచ్చిందని నా అభిప్రాయం.

ఐదో దశ: ఏ అంకెలను నమ్మాలి

షూటింగ్ సామర్థ్యానికి ట్రూ షూటింగ్ శాతం వాడండి. పాయింట్లను, షాట్లకు ఫ్రీ త్రోలలో (ఫౌల్‌కు బదులుగా అడ్డు లేకుండా వేసే షాట్లలో) 0.44 వంతు కలిపి వచ్చిన మొత్తానికి రెట్టింపుతో భాగించాలి. 14 షాట్లు, 6 ఫ్రీ త్రోలతో 20 పాయింట్లు చేసినవాడిది 20 భాగం 33.28, అంటే 60 శాతం.

అంతకంటే విలువైన అంకె ఫ్రీ త్రో శాతం. గీత దూరం, డిఫెన్స్, పొసెషన్ల వేగం ఏవీ దాన్ని మార్చవు. వుర్జ్‌బర్గ్‌లో వేసినా డ్యూక్‌లో వేసినా అదే షాట్. బాగ్లీ డ్యూక్‌లో 58 త్రీ-పాయింటర్లు వేసి 23 సాధించాడు, దాదాపు 40 శాతం. ఫ్రీ త్రోలలో 63 శాతం దాటలేదు. ఆ 23లో నాలుగు బంతులు రింగు తాకి బయటికి వచ్చి ఉంటే త్రీ-పాయింట్ శాతం 33కు పడేది. అంత చిన్న నమూనా కంటే ఫ్రీ త్రో శాతమే నిజానికి దగ్గరగా ఉండింది. ఎన్‌బీఏలో బాగ్లీ త్రీ-పాయింట్ షూటింగ్ 30 శాతం దరిదాపుల్లోనే సాగింది. దీనికి తిరగేసిన ఉదాహరణ టైరీస్ మాక్సీ. కెంటకీలో త్రీ-పాయింటర్లలో 29.2 శాతమే, కానీ ఫ్రీ త్రోలలో 83.3. ఫిలడెల్ఫియా 2020లో 21వ ఎంపికగా తీసుకుంది. రెండో సీజన్‌కే అతని త్రీ-పాయింట్ శాతం 40 దాటింది.

స్టీల్స్, బ్లాకులు, అఫెన్సివ్ రీబౌండ్లు శరీర చురుకుదనానికి, ముందుచూపుకు సూచికలు. ఇవి ఒక లీగ్ నుంచి మరో లీగ్‌కు బాగానే బదిలీ అవుతాయి. బాగ్లీ ఎత్తుకు మ్యాచ్‌కు ఒక బ్లాకు కూడా లేకపోవడం అప్పుడే ఆలోచించాల్సిన విషయం. అసిస్టుల విషయంలో జాగ్రత్త అవసరం. ఏ పాసును అసిస్టుగా లెక్కించాలన్నది స్కోరర్ల సంప్రదాయాన్ని బట్టి ఉంటుంది, యూరప్ స్కోరర్లకు ఈ విషయంలో పిసినారులన్న పేరుంది. కాబట్టి అసిస్టుల సంఖ్య కంటే అసిస్టులకూ టర్నోవర్లకూ ఉన్న నిష్పత్తిని, దానికంటే వీడియోను నమ్మండి.

ఆరో దశ: వీడియో చూడడం

హైలైట్లు చూసి ఎవరి గురించీ తీర్పు చెప్పలేము. ఒక్కొక్క ఆటగాడివి కనీసం ఆరు పూర్తి మ్యాచ్‌లు ఎంచుకోండి: బలమైన ప్రత్యర్థుల మీద రెండు, చిత్తుగా ఓడినది ఒకటి, సీజన్ మొదట్లోది ఒకటి, చివర్లోది ఒకటి, జాతీయ యువ జట్టు తరఫున ఆడినది ఒకటి. ఫిబా అండర్-19 ప్రపంచ కప్, యూరప్ యువ ఛాంపియన్‌షిప్‌లలో కాలేజీకి వెళ్లబోయే అమెరికన్లు గానీ వాళ్ల సమవయస్కులు గానీ విదేశీ కుర్రాళ్లతో ఒకే నిబంధనల కింద తలపడతారు. రెండు వర్గాలనూ నేరుగా పోల్చే అరుదైన అవకాశం అదే. (హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి చూసేవారికి యూరోలీగ్ మ్యాచ్‌లు అర్ధరాత్రి దాటాక, కాలేజీ మ్యాచ్‌లు తెల్లవారుజామున పడతాయి, రికార్డు చూడటమే ఆరోగ్యానికి మంచిది, రివైండ్ చేసుకునే వీలు ఎలాగూ కావాలి.)

గార్డ్‌ను చూస్తున్నప్పుడు ఒక పిక్-అండ్-రోల్‌ను (సెంటర్ స్క్రీన్‌గా నిలబడి గార్డ్‌ను కాస్తున్నవాడిని అడ్డుకుని, తర్వాత రింగు వైపు వెళ్లే ఎత్తును) పట్టుకుని నెమ్మదిగా చూడండి. స్క్రీన్ పడింది, ప్రత్యర్థి సెంటర్ ఏం చేశాడు? యూరప్‌లో అతను తరచు స్క్రీన్ దాటి పైకి వచ్చి గార్డ్‌ను అడ్డగించి, వెంటనే తన మనిషి దగ్గరికి పరుగెత్తుతాడు. ఎన్‌బీఏలో ఎక్కువగా వెనక్కి తగ్గి రింగు దగ్గర కాచుకుంటాడు, లేదా స్విచ్ చేస్తాడు, అంటే కాపలా మార్చుకుంటాడు. ఇద్దరు మీదికి వచ్చిన ఆ అర సెకనులో మన గార్డ్ డ్రిబుల్ ఆపేశాడా, వెనక్కి లాగి ఇద్దరినీ తన వెంట తెచ్చుకున్నాడా, రోల్ అయిన సెంటర్‌కు వేశాడా, లేక ఆ సెంటర్‌ను ఆపడానికి లోపలికి వచ్చిన డిఫెండర్ వదిలేసిన దూరపు మూలకు వేశాడా? చివరిది చేయగలిగినవాడు రెండు ఎత్తులు ముందు చూస్తున్నాడు. ఆ పాసు అందుకున్నవాడు షాట్ పోగొట్టుకుంటే అసిస్టు పడదు, కానీ మీ నోట్సులో పడాలి. నికోలా యోకిచ్‌ను 2014లో డెన్వర్ 41వ ఎంపికగా తీసుకునే నాటికి అతని పరుగు, ఎగురు ఎవరినీ ఆకట్టుకునేవి కావు. పాసింగ్ మాత్రం ఆ వయసు సెంటర్లలో అరుదైనది. అతను మరో ఏడాది సెర్బియాలోనే మెగా క్లబ్‌కు ఆడి ఏబీఏ లీగ్ ఎంవీపీ అయ్యాకే అమెరికా వచ్చాడు.

డిఫెన్స్‌ను చూసేటప్పుడు బంతిని మరచిపోయి మీ ఆటగాడినే చూడండి. జట్టు జోన్ (ఒక్కొక్కరు ఒక ఆటగాడిని కాకుండా ఒక ప్రాంతాన్ని కాసే డిఫెన్స్) ఆడుతుంటే చాలా దాగిపోతుంది. కోచ్ జిమ్ బోహైమ్ కాలంలో సిరక్యూస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆటగాళ్ల మ్యాన్-టు-మ్యాన్ డిఫెన్స్ గురించి వీడియోలో దాదాపు ఏమీ దొరికేది కాదు. 2017-18లో డ్యూక్ కూడా సీజన్ మధ్యలో జోన్‌కు మారింది. కోచ్ జోన్‌కు ఎందుకు మారాడన్న ప్రశ్నకే బాగ్లీ డిఫెన్స్ గురించిన జవాబు కొంత దొరుకుతుంది.

ఏడో దశ: కొలతలు, వర్కౌట్లు

మే నెలలో షికాగోలో జరిగే డ్రాఫ్ట్ కంబైన్‌లో బూట్లు లేకుండా ఎత్తు, వింగ్‌స్పాన్ (చాపిన రెండు చేతుల మధ్య పొడవు), నిలబడి చేయి చాపితే అందే ఎత్తు, జంప్, చురుకుదనం కొలుస్తారు. విదేశీ ఆటగాళ్లకు అప్పటికి సీజన్ ముగియదు. దోంచిచ్ జట్టు స్పెయిన్ టైటిల్ గెలిచింది జూన్ 19న, డ్రాఫ్ట్‌కు రెండు రోజుల ముందు. కాబట్టి విదేశీ ఆటగాడి కొలతలు పాత శిబిరాల నుంచి, జాతీయ జట్టు రికార్డుల నుంచి వస్తాయి. పదిహేడేళ్ల నాటి కొలతను పంతొమ్మిదేళ్లవాడికి అంటగట్టకండి. ఖాళీ జిమ్‌లో జరిగే వ్యక్తిగత వర్కౌట్‌కు నేను తక్కువ విలువే ఇస్తాను. 2003లో కార్మెలో ఆంథొనీ కంటే ముందు, రెండో ఎంపికగా డిట్రాయిట్ తీసుకున్న డార్కో మిలిచిచ్ అలాంటి చోట అద్భుతంగా కనిపించే రకం ఆటగాడు.

ఎనిమిదో దశ: కాంట్రాక్టు, రాక

కాలేజీ ఆటగాడు అక్టోబర్‌లో శిబిరానికి వస్తాడు. విదేశీ ఆటగాడికి క్లబ్‌తో ఒప్పందం ఉంటుంది, దాన్ని విడిపించుకోవడానికి బై-అవుట్ కట్టాలి. అందులో ఎన్‌బీఏ జట్టు భరించగలిగే వాటాకు ప్రతి ఏడాదీ ఒక పరిమితి ఉంది. రికీ రూబియో 2009లో ఐదో ఎంపిక అయినా మిన్నెసోటాకు వచ్చింది 2011లో. మను జినోబిలీ 1999లో 57వ ఎంపిక, శాన్ ఆంటోనియో చేరింది 2002లో. మొదటి రౌండు ఆటగాడు మూడేళ్లు ఆగి వస్తే రూకీ (కొత్త ఆటగాడి) జీతపు పట్టిక అతనికి వర్తించదు. 2011లో 23వ ఎంపికైన నికోలా మిరోటిచ్ 2014లో అలాగే షికాగోకు ఎక్కువ జీతానికి వచ్చాడు. జట్టుకు ఈ ఏడాదే మనిషి కావాలా, రెండేళ్ల తర్వాత అయినా పరవాలేదా అన్నది బోర్డు (మన ఎంపికల వరుస జాబితా) మీద అతని స్థానాన్ని మారుస్తుంది.

ఇటీవల ఈ దశలో ఒక పెద్ద మార్పు వచ్చింది. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, రూపాలతో సంపాదించుకోవచ్చు. 2025 జూలై నుంచి కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు డబ్బు పంచవచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి 2.05 కోట్ల డాలర్ల వరకు. దాంతో యూరప్ క్లబ్బుల యువ ఆటగాళ్లు అమెరికన్ కాలేజీలకు వస్తున్నారు. రియల్ మాడ్రిడ్‌లో పెరిగిన ఈగోర్ డ్యోమిన్ బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో ఒక ఏడాది ఆడి 2025లో ఎనిమిదో ఎంపికగా బ్రూక్లిన్ నెట్స్‌కు వెళ్లాడు. బార్సిలోనా నుంచి ఇల్లినాయ్ చేరిన లిథువేనియా గార్డ్ కాస్పరస్ యాకుచోనిస్ 20వ ఎంపిక అయ్యాడు. బ్రూక్లిన్ అదే రాత్రి ఫ్రాన్స్‌లోనే ఉండి ఆడిన నోలన్ ట్రావోరేను 19వ ఎంపికగా, జర్మనీలో ఉల్మ్ క్లబ్‌కు ఆడిన ఇజ్రాయెల్ గార్డ్ బెన్ సరాఫ్‌ను 26వ ఎంపికగా కూడా తీసుకుంది. ఇలాంటి ఆటగాళ్ల విషయంలో వారి క్లబ్ వీడియోను, కాలేజీ వీడియోను పక్కపక్కన పెట్టి, ఒకే కుర్రాడి షాట్ల ఎంపిక, నిర్ణయాలు కొత్త నిబంధనల కింద ఎలా మారాయో చూసే వీలుంది. పదేళ్ల కింద స్కౌట్లకు ఇలాంటి వీలు చాలా అరుదుగా దొరికేది.

తొమ్మిదో దశ: బోర్డు రాయడం

ఒక్కో ఆటగాడికి ఒకే సంఖ్య ఇవ్వకండి. చక్కగా ఎదిగితే ఏమవుతాడు, మామూలుగా ఎదిగితే ఏమవుతాడు, ఎదగకపోతే ఏమవుతాడు అన్న మూడు వాక్యాలు రాసి, వాటి పక్కన మీ నమ్మకం ఎంతో రాయండి. యూరోలీగ్‌లో పూర్తి సీజన్ ఆడినవాడి మూడు వాక్యాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. రెండో డివిజన్ కుర్రాడివి, చిన్న కాన్ఫరెన్స్‌లో మొదటి ఏడాది కాలేజీ ఆటగాడివి దూరదూరంగా ఉంటాయి. మొదటి అయిదు ఎంపికల్లో ఉన్న జట్టు మొదటి, రెండో వాక్యాల మీద ఎక్కువ దృష్టి పెట్టాలి, ఎందుకంటే అక్కడ తారను వదులుకోవడమే ఖరీదైన తప్పు. 20వ స్థానం దాటాక రెండో వాక్యమే ముఖ్యం. 40 దాటాక మొదటి వాక్యం కోసం పందెం వేయవచ్చు; యోకిచ్, జినోబిలీ అక్కడి నుంచే వచ్చారు. ఆఖరికి కాలేజీ పేర్లు, విదేశీ పేర్లు వేర్వేరు జాబితాల్లో ఉంటే రెంటినీ కలిపి ఒకే వరుసలో తిరిగి రాయండి. వేరుగా ఉన్నప్పుడు తోచని ప్రశ్నలు, ఉదాహరణకు ఈ 22 ఏళ్ల కాలేజీ సీనియర్‌ను ఆ 19 ఏళ్ల ఏబీఏ లీగ్ స్టార్టర్ కంటే పైన ఎందుకు పెట్టాను అన్నది, పక్కపక్కన వచ్చినప్పుడే ఎదురవుతాయి. జవాబు రెండు వాక్యాల్లో రాయలేకపోతే ఆ ఇద్దరి వీడియోలూ ఇంకోసారి తెరవాలి.